పాత ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేయాలా, మార్చాలా, అలాగే వదిలేయాలా?

నా బల్ల కింద ఉన్న క్యాబినెట్‌లో ఐ5-2500కె ప్రాసెసర్ ఉంది. ఇంటెల్ దాన్ని 2011 జనవరిలో విడుదల చేసింది. కంపెనీ చెప్పిన వేగం 3.3 గిగాహెర్ట్జ్. నా దగ్గర మాత్రం ఏళ్ల తరబడి 4.4 మీద నడుస్తోంది. ఈ సంగతి తెలిసిన మా మేనల్లుడు సంక్రాంతి సెలవులకు వస్తూ తన సిస్టమ్‌ను కారు వెనక సీట్లో వేసుకుని వచ్చాడు. "మామయ్యా, మీదానిలాగే నాదీ 4.4కి పెంచిపెట్టండి" అన్నాడు. పక్కమూత విప్పి చూస్తే లోపల ఐ5-2400 ప్రాసెసర్, హెచ్61 మదర్‌బోర్డు కనిపించాయి. నా దానిదీ అతని దానిదీ ఒకే తరం, ఒకే సాకెట్ (చిప్ కూర్చునే గూడు). అయినా అతని సిస్టమ్ మీద ఓవర్‌క్లాకింగ్, అంటే కంపెనీ పెట్టిన వేగాన్ని మించి ప్రాసెసర్‌ను నడపడం, జరిగే పని కాదు.

వాడి మొహం చిన్నబోయింది. ఆ సాయంత్రమంతా వాడికి చెప్పిన సంగతులే ఇక్కడ కొంచెం సాపు చేసి రాస్తున్నాను. పాత కంప్యూటర్ ఉన్నవాళ్ల ముందు నిజానికి నాలుగు దారులున్నాయి: ఓవర్‌క్లాక్ చేయడం, అదే బోర్డులో పట్టే మెరుగైన పాత ప్రాసెసర్ వేయడం, ప్రాసెసర్ జోలికి పోకుండా ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ బదులు వాడే వేగమైన డిస్క్) వేసి ర్యామ్ పెంచడం, ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచడం. ఇందులో మొదటిది సరదా అయినది, నేర్పేది. అందరికీ లాభమైనది మాత్రం కాదు.

ఒక మాట ముందే చెప్పాలి. మన ఇళ్లలో పెట్టె మొత్తాన్నీ సీపీయూ అనడం అలవాటు. "సీపీయూ వేడెక్కుతోంది" అని ఎవరైనా అంటే ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే భాగం) వేడెక్కుతోందో, గ్రాఫిక్స్ కార్డు వేడెక్కుతోందో అడిగి తెలుసుకోవలసి వస్తుంది. ఇక్కడ నేను ప్రాసెసర్ అన్నప్పుడల్లా కూలర్ కింద కూర్చునే ఆ చిన్న చదరపు చిప్ గురించే.

ముందు బోర్డు పేరు చదవండి

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ప్రాసెసర్ పేరుతో మొదలుపెడతారు. నేనైతే బోర్డుతో మొదలుపెట్టమంటాను. సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో మెయిన్‌బోర్డు పేజీ తెరిస్తే చిప్‌సెట్ (బోర్డును నడిపించే చిప్) పేరు కనబడుతుంది. కథలో సగం అక్కడే తేలిపోతుంది.

ప్రాసెసర్ వేగం రెండు అంకెల గుణకారం. బోర్డు ఇచ్చే మూల గడియారం ఒకటి, దాన్ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే మల్టిప్లయర్ ఇంకొకటి. 2500కె లో మూల గడియారం 100 మెగాహెర్ట్జ్, మల్టిప్లయర్ 33. మల్టిప్లయర్‌ను 44 చేస్తే 4.4 గిగాహెర్ట్జ్. ఇంతే లెక్క. అయితే మల్టిప్లయర్‌ను కదిలించే వీలు పేరు చివర కె ఉన్న చిప్‌లకే పూర్తిగా ఉంటుంది. అదీ పీ67, జెడ్68, జెడ్77 లాంటి చిప్‌సెట్ ఉన్న బోర్డు మీదే. హెచ్61, హెచ్67, బీ75 బోర్డుల మీద కె చిప్ పెట్టినా అది మామూలు చిప్ లాగే నడుస్తుంది.

మరి మూల గడియారాన్నే పెంచితే? అంతకుముందు తరాల్లో అందరూ చేసింది అదే. 2011 నాటి ఈ తరంలో మాత్రం డిస్కులను కలిపే సాటా, కార్డులను కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్ వంటివన్నీ అదే గడియారానికి ముడిపడి ఉన్నాయి. 103, 105 దాకా వెళ్లేసరికే ఎక్కడో ఒకచోట బెసుకుతుంది. మూడు నాలుగు శాతం వేగం కోసం హార్డ్‌డిస్క్‌లోని ఫైళ్లను పణంగా పెట్టడం నాకు నచ్చదు. మేనల్లుడికి ఆ దారి చూపించనే లేదు.

మధ్యస్థంగా ఇంకో వీలుంది. కె లేని ఐ5-2400 లాంటి చిప్‌ను పీ67, జెడ్68 బోర్డు మీద పెడితే టర్బో వేగానికి (భారం పడినప్పుడు చిప్ తానే ఎక్కే వేగం) పైన మరో నాలుగు మెట్లు ఎక్కించవచ్చు. ఒక్క కోర్ (ప్రాసెసర్ లోపల విడిగా పనిచేసే భాగం) పనిలో 3.4 బదులు 3.8 వస్తుంది. ఆ బోర్డు ముందే మీ దగ్గర ఉంటే ఇది చిన్న బహుమతి. దీనికోసమే పాత బోర్డు వెతికి కొనడం దండగ. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టూ తిరిగితే పాత ప్రాసెసర్లు దొరకవచ్చు గానీ, మంచి స్థితిలో ఉన్న జెడ్77 బోర్డు దొరకడం అంత తేలిక కాదు. దొరికినా ఆ డబ్బును కొత్త తరం సిస్టమ్ కోసం దాచుకోవడమే మేలు.

ఇంటెల్‌కు పోటీ కంపెనీ అయిన ఏఎండీ వైపు నియమం సులువు. ఎఫ్ఎక్స్ చిప్‌లన్నీ, రైజెన్ డెస్క్‌టాప్ చిప్‌లలో దాదాపు అన్నీ తాళం లేకుండానే వచ్చాయి. మొదటి తరం రైజెన్‌కు మాత్రం బీ350, ఎక్స్370 బోర్డు ఉండాలి. ఏ320 మీద కుదరదు.

పని ఎక్కడ ఆగుతోంది?

మేనల్లుడి సిస్టమ్ ఆన్ చేసి టాస్క్ మేనేజర్ తెరిచి ఇద్దరం ఊరికే చూస్తూ కూర్చున్నాం. బ్రౌజర్ తెరిస్తే డిస్క్ వాడకం 100 శాతం దగ్గర అతుక్కుపోయింది. ప్రాసెసర్ 15, 20 శాతం మధ్య ఊగుతోంది. ర్యామ్ 4 జీబీ, అందులో ఖాళీ దాదాపు లేదు. అంటే ప్రాసెసర్ పాపం చేతులు కట్టుకుని డిస్క్ కోసం ఎదురుచూస్తోంది. దాన్ని 4.4కి పెంచినా అంతే వేగంగా ఎదురుచూస్తుంది.

ఇలాంటి సిస్టమ్‌కు ఎస్‌ఎస్‌డీకి మించిన మందు లేదు. హెచ్61 చిప్‌సెట్‌లో సాటా పోర్టులు 3 గిగాబిట్ల రకానివే, కొత్త ఎస్‌ఎస్‌డీ పూర్తి వేగం అందులో రాదు. అయినా ఫర్వాలేదు. హార్డ్‌డిస్క్ బాధ ఒకేసారి పెద్ద ఫైలు చదవడంలో లేదు, వందల చిన్న ఫైళ్ల కోసం తలను అటూ ఇటూ తిప్పుకోవడంలో ఉంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు. పాత డీడీఆర్3 ర్యామ్ కూడా సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంది, 8 జీబీ చేసుకుంటే చాలు.

ఇక ఓవర్‌క్లాకింగ్ అక్కరకొచ్చేది ఎక్కడంటే, టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ గీత పైకప్పును తాకి అక్కడే నిలబడే పనుల్లో. వీడియోను ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మార్చడం, పెద్ద ప్రోగ్రామ్ కంపైల్ చేయడం, మంచి గ్రాఫిక్స్ కార్డు ఉండి కూడా ప్రాసెసర్ వెనకబడిపోయే ఆటలు. ఆటల్లో ఒక చిక్కుంది: నాలుగు కోర్లలో ఒక్కటే నిండిపోయి మిగతావి ఖాళీగా ఉంటే మొత్తం వాడకం 25 శాతంగానే కనబడుతుంది. కాబట్టి ఒక్కో కోర్ గీతను విడివిడిగా చూడాలి.

ఇదే చోట రెండో దారి, అంటే ప్రాసెసర్ మార్చడం, ఓవర్‌క్లాకింగ్‌తో పోటీకి వస్తుంది. హెచ్61 బోర్డులో ఐ5-2400 తీసి ఐ7-2600 పెడితే నాలుగు కోర్లు ఒకేసారి ఎనిమిది త్రెడ్‌లు (పనుల వరుసలు) నడుపుతాయి. వీడియో మార్పిడి, కంపైలింగ్ లాంటి పనుల్లో, ఒక్కో కోర్ రెండేసి వరుసలు నడిపే ఈ హైపర్‌థ్రెడింగ్ వల్ల సుమారు 20 నుంచి 30 శాతం లాభం వస్తుంది. వోల్టేజీ ముట్టుకోనక్కరలేదు, బయోస్‌లో (బోర్డులోనే ఉండి, సిస్టమ్ ఆన్ చేయగానే నడిచే ప్రోగ్రామ్) దేనినీ మార్చనక్కరలేదు. మరీ బరువైన పనులు చేసేవాళ్లకు నా ఓటు దీనికే. ఒక్క కోర్ వేగం మీద ఆధారపడే పాత ఆటలకైతే ఓవర్‌క్లాక్ చేసిన 2500కె నే ముందుంటుంది. 2012లో వచ్చిన ఐ7-3770 కూడా ఆ సాకెట్‌లో పడుతుంది గానీ, ముందు పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ కొత్తది చేయాలి. చిప్ మార్చేసి, తెర నల్లగా ఉంటే అప్పుడు బయోస్ గుర్తుకొచ్చిన వాళ్లలో నేనూ ఒకణ్ని.

ఏ చిప్‌తో ఏ దారి

అన్ని పాత చిప్‌లకూ ఒకటే సలహా సరిపోదు. నేను చేత్తో పట్టి చూసినవాటి గురించీ, బాగా తెలిసినవాటి గురించీ చెబుతాను.

వయసులో అన్నిటికన్నా పెద్దది కోర్ 2 క్వాడ్ క్యూ6600. 2007 నాటిది. 266 మెగాహెర్ట్జ్ మూల గడియారం, 9 మల్టిప్లయర్, మొత్తం 2.4 గిగాహెర్ట్జ్. మూల గడియారాన్ని 333కి పెంచితే 3.0 వస్తుంది. అప్పట్లో దీన్ని చేయని కుర్రాడు లేడు. కానీ ఇందులో బస్ (భాగాల మధ్య సమాచారం నడిచే దారి), ర్యామ్, ప్రాసెసర్ వేగాలన్నీ కలిసే పెరుగుతాయి. ర్యామ్ నిష్పత్తి కూడా మీరే సరిచూసుకోవాలి. పాఠం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి చిప్ లేదు, పాడైనా బెంగ లేదు. రోజువారీ వాడకానికి మాత్రం వద్దంటాను. ఈ చిప్‌కు ఎస్‌ఎస్‌ఈ 4.2 ఆదేశాలు తెలియవు. విండోస్ 11 లో 24హెచ్2 కూర్పు మొదలుకొని అవి లేని ప్రాసెసర్ మీద బూటే అవదు. గడియారం ఎంత పెంచినా చిప్‌కు రాని ఆదేశాలు రావు.

2500కె, దాని అన్న ఐ7-2600కె మొదటిసారి చేసేవాళ్లకు నా మొదటి ఎంపిక. మల్టిప్లయర్ ఒక్కటి కదిలిస్తే చాలు. పైన కనిపించే లోహపు మూతకూ లోపలి సిలికాన్‌కూ మధ్య సోల్డర్ (కరిగించి అతికిన లోహం) ఉంది, అందుకే వేడి బాగా బయటికి వస్తుంది.

2012 ఏప్రిల్‌లో వచ్చిన ఐ5-3570కె కాగితం మీద మెరుగు. అదే గడియారం మీద కొంచెం ఎక్కువ పని చేస్తుంది, 95 వాట్ల బదులు 77 వాట్ల చిప్. అయితే ఈ తరంలో ఇంటెల్ సోల్డర్ బదులు మూత కింద థర్మల్ పేస్టు (వేడిని దాటించే పూత) వాడింది. వోల్టేజీ కాస్త పెంచగానే ఉష్ణోగ్రత పైకి తన్నుకొస్తుంది. మూత ఊడదీసి పేస్టు మార్చేవాళ్లున్నారు. బ్లేడుతో చేసే ఆ పని మొదటిసారి చేసేవాళ్లది కాదు. 4.2 దగ్గర ఆగితే మంచి చిప్. రెండూ ఒకే ధరకు దొరికితే 3570కె తీసుకుని తక్కువ పెంచమంటాను. చేతిలో 2500కె ఉంటే దానికోసం మార్చొద్దు.

2013, 2014 నాటి ఐ5-4670కె, 4690కె లకు ఇంకో లాభం ఉంది: ఏవీఎక్స్2 ఆదేశాలు. కొన్ని కొత్త ప్రోగ్రామ్‌లు, ఆటలు అవి లేకపోతే తెరుచుకోవు కూడా. వోల్టేజీ నియంత్రణ చిప్ లోపలికే చేరడంతో ఈ తరం వేడి కూడా ఎక్కువే. ఏవీఎక్స్2 వాడే పరీక్షలు పెడితే మామూలు వాడకంలో ఎన్నడూ కనబడని ఉష్ణోగ్రతలు కనబడతాయి, చూసి కంగారు పడొద్దు.

ఎఫ్ఎక్స్-8350 గురించి నాకు కొంత కఠినమైన అభిప్రాయమే ఉంది. 125 వాట్ల చిప్, కంపెనీ వేగమే 4.0. చవక బోర్డుల్లో ప్రాసెసర్‌కు కరెంటు సర్దే భాగాల మీద లోహపు రెక్కలు కూడా ఉండవు. ఓవర్‌క్లాక్ చేయకముందే అవి వేడెక్కి, తమను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగాన్ని తగ్గించేస్తాయి. మీరు 4.5 పెట్టామనుకుంటారు, లోపల అది వేగం తగ్గించి నడుస్తుంటుంది. మంచి బోర్డు ఉంటే తప్ప దీన్ని కదిలించొద్దు. దాని చిన్న తమ్ముడు ఎఫ్ఎక్స్-6300 కొంచెం నయం.

2017 ఏప్రిల్ నాటి రైజెన్ 5 1600 ఈ జాబితాలో కుర్రది. దాంతో వచ్చిన కూలర్‌తోనే 3.7 దాకా చాలామంది నడిపారు. కానీ ఈ చిప్ ఉన్నవాళ్లు మొదట చూడాల్సింది ర్యామ్. బయోస్‌లో ఎక్స్ఎంపీ ప్రొఫైల్ (ర్యామ్ తయారీదారు ముందే రాసిపెట్టిన వేగపు అమరిక) ఆన్ చేయకపోతే 3000 వేగపు డీడీఆర్4 ర్యామ్ కూడా 2133 మీదే నడుస్తుంది. రైజెన్ లోపలి భాగాలను కలిపే దారి వేగం ర్యామ్ వేగాన్ని బట్టే ఉంటుంది. ఆ ఒక్క మార్పే సగం ఓవర్‌క్లాక్‌తో సమానం. ఇంకా డబ్బు పెట్టగలిగితే, అదే ఏఎమ్4 సాకెట్‌లో బయోస్ మార్చి రైజెన్ 5 5600 పెట్టే వీలు చాలా బోర్డులకు ఉంది. ఓవర్‌క్లాకింగ్ ఇచ్చేదానికీ అది ఇచ్చేదానికీ పోలికే లేదు. ఇక్కడ నేను నిస్సంకోచంగా మార్చమనే చెబుతాను.

29 శాతం వేగం, 57 శాతం వేడి

మళ్లీ నా 2500కె దగ్గరికి వద్దాం. దీని టర్బో వేగం 3.7 అని కంపెనీ చెబుతుంది, అది ఒక్క కోర్ పనిచేసినప్పటి మాట. నాలుగు కోర్లూ పనిలో ఉంటే అది 3.4 మీదే నడుస్తుంది. కాబట్టి అన్ని కోర్లనూ 4.4కి తేవడమంటే 29 శాతం పెరుగుదల. పది నిమిషాలు పట్టే వీడియో మార్పిడి, అన్నీ కలిసొస్తే, ఏడు నిమిషాల ముప్పావులో పూర్తవుతుంది.

దీని ఖరీదు వేడి రూపంలో కడతాం. ప్రాసెసర్ తాగే కరెంటు గడియారంతో పాటు నేరుగానూ, వోల్టేజీకి వర్గంగానూ పెరుగుతుంది. వోల్టేజీ పదో వంతు పెంచితే వేడి ఐదో వంతుకు పైనే పెరుగుతుందన్నమాట. నా చిప్ 1.2 వోల్టుల మీదే 4.0 దగ్గర నడిచింది: 18 శాతం వేగం, సుమారు 18 శాతం వేడి, చక్కటి బేరం. 4.4కి 1.32 వోల్టులు అడిగింది: 29 శాతం వేగానికి 57 శాతం వేడి. ఇదీ ఒప్పుకోవచ్చు. 4.6కి 1.40 అడిగింది. 4.4 నుంచి అక్కడికి పెరిగే వేగం నాలుగున్నర శాతం, పెరిగే వేడి 17 శాతానికి పైగా. అక్కడ నేను దిగిపోయాను. పిండి కొద్దీ రొట్టె అంటారు గానీ, ఇక్కడ ఒక హద్దు దాటాక పిండి రెట్టింపు పోసినా రొట్టె అంతే ఉంటుంది.

ఆ హద్దు మీ చిప్‌కు ఎక్కడుందో నేను చెప్పలేను. ఒకే పేరున్న రెండు చిప్‌లు ఒకేలా ఉండవు. నాకు 4.4 వచ్చింది కాబట్టి మీకూ రావాలని పట్టుబడితే అవసరం లేని వోల్టేజీ ఎక్కించేస్తారు.

కరెంటు బిల్లు సంగతీ చెప్పుకోవాలి. పూర్తి భారం మీద 45 వాట్లు అదనంగా తాగిందనుకున్నా, రోజుకు నాలుగు గంటలు అలా నడిపితే నెలకు ఐదున్నర యూనిట్లు. భయపడాల్సింది ఏమీ లేదు. యూపీఎస్ మాత్రం చూసుకోండి. ఇళ్లలో ఉండే 600 వీఏ యూపీఎస్‌లు మామూలుగా ఇచ్చేది 360 వాట్లే. గ్రాఫిక్స్ కార్డు కూడా ఉంటే, కరెంటు పోయిన క్షణంలో అది కీచుమని అరిచి చేతులెత్తేయవచ్చు.

కూలర్ల మాట

ఇంటెల్ పెట్టెలో వచ్చిన గుండ్రటి కూలర్‌తో 3.8, 4.0 దాటొద్దు. అది కంపెనీ వేగానికి తగ్గట్టు చేసింది. నాలుగు వేడి గొట్టాలు, 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఉన్న టవర్ కూలర్ ఏదైనా 4.4 దాకా సరిపోతుంది. నీటి కూలర్లు పాత సిస్టమ్‌కు అనవసరం. ప్రాసెసర్ ధరకన్నా కూలర్ ధర ఎక్కువైతే ఆ బేరంలో ఏదో తేడా ఉన్నట్టే. టవర్ కూలర్‌లో ఒక ఓదార్పు ఏమిటంటే, 1155 సాకెట్ రంధ్రాల దూరాలే 1150, 1151, 1200 సాకెట్లకు కూడా. రేపు సిస్టమ్ మార్చినా కూలర్ వెంట రావచ్చు.

కొనేముందు పాత కూలర్‌ను ఒకసారి విప్పి చూడండి. మేనల్లుడి దానికి ఫ్యాను తీస్తే రెక్కల మధ్య దుమ్ము పలచటి దుప్పటిలా పరుచుకుని ఉంది. గోటితో పట్టి లాగితే ముక్కలవకుండా ఒకే పొరగా వచ్చింది. కింద థర్మల్ పేస్టు ఎండిన సున్నంలా పొడిపొడిగా రాలింది. పాత టూత్‌బ్రష్‌తో దులిపి, ఐసోప్రొపిల్ ఆల్కహాల్ అద్దిన మెత్తని గుడ్డతో తుడిచి, కొత్త పేస్టు బఠాణీ గింజంత పెట్టి, ఆ నల్లటి పిన్నులను ఎదురుబదురు మూలల క్రమంలో నొక్కాను. నాలుగోది టక్కుమనకపోతే కూలర్ ఒకవైపు లేచి ఉందని అర్థం, బోర్డు వెనక తిప్పి చూడాలి. ఆ అరగంట పనితోనే ఉష్ణోగ్రత 86 నుంచి 67కి దిగింది. ఏమీ పెంచకుండానే ఫ్యాను మోత ఆగిపోయింది. వాళ్లమ్మకు ఓవర్‌క్లాకింగ్ కన్నా ఇదే ఎక్కువ నచ్చింది.

పెంచే పద్ధతుల్లో ఏది?

బోర్డు తయారీదారులు బయోస్‌లో ఒక్క మీటతో ఓవర్‌క్లాక్ చేసే ఏర్పాటు పెడతారు. సులువే. కానీ అది ఏ చిప్ వచ్చినా నడవాలి కాబట్టి అవసరమైనదానికన్నా ఎక్కువ వోల్టేజీ ఇస్తుంది. ఒకసారి ప్రయత్నించి, అది ఎంత వోల్టేజీ పెట్టిందో చూసి, తీసేయండి. విండోస్ లోపలినుంచి పెంచే ప్రోగ్రామ్‌లు ప్రయోగాలకు బాగుంటాయి, స్థిరంగా ఉంచుకునే అమరికను మాత్రం బయోస్‌లోనే పెట్టుకోవాలి.

చేత్తో పెంచేటప్పుడు వోల్టేజీకి రెండు దారులు. స్థిరంగా ఒక అంకె పెట్టడం మొదటిది. అర్థం చేసుకోవడం సులువు, తప్పు దొరకడమూ సులువు. కానీ ఖాళీగా ఉన్నప్పుడు గడియారం 1.6కి దిగినా వోల్టేజీ దిగదు. ఆఫ్‌సెట్ రెండోది: చిప్ తానడిగే వోల్టేజీకి ఇంత కలపమనో తగ్గించమనో చెప్పడం. ఖాళీ సమయంలో వోల్టేజీ కూడా పడుకుంటుంది. మొదటివారం స్థిరమైన అంకెతో హద్దు కనుక్కోండి, ఆ తర్వాత ఆఫ్‌సెట్‌కు మారండి. మరీ తగ్గించిన ఆఫ్‌సెట్‌తో విచిత్రం ఒకటి జరుగుతుంది: గంటల పరీక్ష దాటేసి, రాత్రి ఊరికే వదిలేసినప్పుడు వేలాడిపోతుంది.

వేగం అక్కరలేనివాళ్లు ఇదే ఆఫ్‌సెట్‌ను తగ్గించే వైపు వాడి, కంపెనీ వేగం మీదే చల్లగా, చప్పుడు లేకుండా నడుపుకోవచ్చు. దీన్నెవరూ గొప్పగా చెప్పుకోరు. కానీ పాత సిస్టమ్‌ను పిల్లల చదువుకు, ఆఫీసు పనికి వాడే ఇంట్లో ఇదే సరైన అమరిక.

ఒక సాయంత్రం పని

మొదట విలువైన ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి ఎక్కించండి. ఓవర్‌క్లాక్ వల్ల చిప్ కాలిపోవడం అరుదు, తప్పు లెక్కలతో ఫైళ్లు పాడవడం అంత అరుదు కాదు. బోర్డు మీద బయోస్ అమరికలను చెరిపే జంపర్ (చిన్న పిన్నుల జత) ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి. తెర రాకుండా పోయినప్పుడు టార్చి పట్టుకుని వెతకడం నరకం.

నేను మల్టిప్లయర్ 40తో మొదలుపెట్టాను. విండోస్‌లో ప్రాసెసర్ మీద భారం పెట్టే ప్రైమ్95 ఒక పక్క, ఉష్ణోగ్రత చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ఒక పక్క. పావుగంట భారం, అత్యధిక ఉష్ణోగ్రత 61. తర్వాత 42: దాటింది. 43: నాలుగో నిమిషంలో ఒక త్రెడ్ లెక్క తప్పిందని ప్రైమ్95 ఆపేసింది. వోల్టేజీ కొంచెం పెంచాను, దాటింది. 44: నీలి తెర, కింద 0x124 అనే అంకె. ఈ తరం చిప్‌లతో 0x101, 0x124 రెండూ కనబడితే మొదట అనుమానించాల్సింది వోల్టేజీ చాలకపోవడాన్నే. 1.32 దగ్గర నిలబడింది. ఒకసారికి ఒక్క మెట్టు, ఒకసారికి ఒక్క మార్పు, పక్కన కాగితం మీద ప్రతి అంకె. మల్టిప్లయర్, ర్యామ్ వేగం ఒకేసారి మార్చినవాడికి నీలి తెర వస్తే దోషి ఎవరో తేల్చడం దేవుడి వల్ల కూడా కాదు.

భారం పడినప్పుడు వోల్టేజీ కొంచెం కుంగుతుంది. దాన్ని నిలబెట్టే లోడ్‌లైన్ అమరిక బయోస్‌లో ఉంటుంది. మధ్య మెట్టు చాలు. చివరి మెట్టు పెడితే భారం దిగిన క్షణంలో వోల్టేజీ ఎగిరిపడుతుంది.

పావుగంట పరీక్షలు మెట్టెక్కడానికే. ఆగిన చోట కొన్ని గంటలైనా నడపాలి, ఆపైన వారం రోజులు మీ అసలు పనులే చేసుకోవాలి. ఆ వారంలో విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో (సిస్టమ్‌లో జరిగినవన్నీ రాసిపెట్టే చిట్టా) వియా-లాగర్ (WHEA-Logger) అనే పేరుతో హెచ్చరికలు పడుతున్నాయేమో చూడండి. సిస్టమ్ ఆగకుండానే లోపల తప్పులు దిద్దుకుంటోందని చెప్పేది అదే. అవి కనబడితే ఒక మెట్టు దిగడానికి నామోషీ పడొద్దు.

ఇక మన ఎండలు. కూలర్ ఎంత మంచిదైనా చిప్‌ను గది ఉష్ణోగ్రతకన్నా చల్లగా చేయలేదు, గదికి పైన ఎంత ఉంటుందన్నదే దాని చేతిలో ఉంది. డిసెంబరు రాత్రి 24 డిగ్రీల గదిలో 68 చూపించిన సిస్టమ్, మే నెల మధ్యాహ్నం 38 డిగ్రీల గదిలో 82 చూపిస్తుంది. విదేశాల వాళ్లు పెట్టే అంకెలు చూసి ఇక్కడ అదే వోల్టేజీ పెట్టుకోవడం అందుకే చేటు. విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో సిస్టమ్ ఉంటే, శీతాకాలపు పరీక్షలో 65 దాటకుండా చూసుకోండి. నేను పెట్టుకున్న హద్దు వేసవిలో 80.

మేనల్లుడి సిస్టమ్‌లో ఇప్పుడు 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్, సెకండ్‌హ్యాండ్ ఐ7-2600 ఉన్నాయి. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, ఈ తరం చిప్‌లను విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. అందుకని వాడు లినక్స్ వేసుకున్నాడు. కంపైలింగ్‌లో నా దానితో పందెం వేసి గెలిచాడు కూడా, ఒక్క హెర్ట్జ్ పెంచకుండా. నా బయోస్‌లో రెండు ప్రొఫైళ్లున్నాయి. ఒకదానిలో మల్టిప్లయర్ 44, ఇంకోదానిలో 41. రెండోదానికి వేసవి అని పేరు పెట్టాను, బయోస్‌కు తెలుగు రాదు కాబట్టి ఇంగ్లిషు అక్షరాల్లో. ఉగాది వెళ్లగానే దానికి మారిపోతాను.